తెర అంచున ఒక చెయ్యి

"అన్నా, బండి పక్కకు పెట్టు. ఉల్లిగడ్డ కోస్తవా, పచ్చిమిర్చి కోస్తవా?"

ఎల్‌బీ నగర్ చౌరస్తాలో మహిపాల్‌ను ఆపి ఈ ప్రశ్న వేసిన యువతి చేతిలో చాకు ఉంది. ఆమె వెనుక విజయవాడ రహదారి పొడవునా రాళ్లపొయ్యిలు వెలుగుతున్నాయి. పొగ మీద సన్నని చినుకులు రాలుతున్నాయి. అది రెండువేల పదకొండు జూన్‌లో ఒక ఆదివారం. ప్రత్యేక రాష్ట్రం కోసం జనమంతా రోడ్ల మీదనే వండుకుని, అక్కడే తిని, నగరాన్ని నిలిపివేసిన వంటా వార్పు రోజు.

"మేడమ్, నాకు డ్యూటీ ఉన్నది."

"ఐతారం నాడు ఏం డ్యూటీ? దవాఖానల డాక్టరా?"

"కాదు. సినిమాలకు గ్రాఫిక్స్ చేస్త."

"అయితే నువ్వు పోకుంటే ఎవలు సచ్చిపోరు. ఉల్లిగడ్డ కొయ్యి."

చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు. మహిపాల్ బండికి స్టాండు వేశాడు. బండ మీద కూర్చుని తలెత్తేసరికి ఆమె ఎదురుగా కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. పేరు ప్రసన్న అని, వనస్థలిపురంలో సర్కారు బడి టీచరని పక్కవాళ్ల పిలుపులను బట్టి తెలిసింది.

అంతలో గుంటూరు వైపు నుంచి వచ్చి ఎన్నో ఏళ్లుగా దిల్‌సుఖ్‌నగర్‌లోనే స్థిరపడిన ఒక పెద్దావిడ ఆటోలోంచి ఇత్తడి గుండిగను దింపించింది. ప్రసన్న వాళ్లుండే ఇంటి యజమానురాలు హనుమాయమ్మ.

"ఇదిగో ప్రసన్నా, మీ రాష్ట్రం మీకొచ్చినా రాకపోయినా నా గుండిగ మాత్రం సాయంత్రానికి నాకు రావాలి. సొట్టపడితే ఊరుకోను."

"ఒస్తది పెద్దమ్మా. ముందుగాల గుండిగ, ఎనుకనే రాష్ట్రం."

ఆవిడ వెళ్లాక ప్రసన్న మళ్లీ మహిపాల్ వైపు తిరిగింది. "గ్రాఫిక్స్ అంటే ఏం చేస్తరు? పులులా, పాములా?"

"పులులు పెద్దోళ్లు చేస్తరు. నేను తాళ్లు చెరిపేస్త."

"తాళ్లా?"

"హీరో గాలిలకు ఎగిరెటప్పుడు నడుముకు తాళ్లు కడతరు గద. ఒక్కో ఫ్రేముల కూసొని వాటిని తీసేస్త. నా పని మంచిగున్నదంటే, నేనున్నట్టే ఎవలకు తెల్వొద్దు."

"పాపం," అంది ప్రసన్న. నిజంగానే అంది. "పాత సినిమాల తాళ్లు కనబడుతుండె."

"గందుకే నేను పాతవి చూడ. మబ్బులేమో దూది, రథమేమో అట్ట. నమ్మబుద్ధి గాదు."

"నమ్మినోళ్లంత పిచ్చోళ్లా?"

"పిచ్చోళ్లని కాదు టీచర్. అప్పుడు గదే ఉండె, నమ్మిన్రు. ఇప్పటి పిల్లలకు ఆ అట్ట రథం చూపియ్యిండ్రి, నవ్వుతరు."

"నవ్వనియ్యి. నవ్వినంక చూస్తరు." ఆమె చాకును అతని వైపు చూపింది. "తాడు కనబడ్డదంటే, దాన్ని ఎవలో పట్టుకున్నరని ఎరుకైతది. నీ సినిమాల ఎవలు పట్టుకున్నరు? కంప్యూటరా?"

మహిపాల్ మరో ఉల్లిగడ్డ అందుకుని కోశాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏడుస్తున్నవా?"

"ఉల్లిగడ్డ."

"మంచిది. నా మాటకేమో అనుకున్న."

*

ఆ వాదం ఆ రోజుతో ముగియలేదు. నిజానికి అది ముగియకూడదనే ఇద్దరూ దానిని పోషించుకుంటూ వచ్చారు. ప్రేమలో పడుతున్నామని ఒప్పుకోవడానికి ధైర్యం చాలని మనుషులకు ఒక వివాదాంశం ఎంతో ఉపకరిస్తుంది. బస్సులు ఉన్న రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్ డిపో ఎదుట ఇరానీ హోటల్లోను, లేని రోజుల్లో ఆమె కూర్చునే దీక్షా శిబిరం పక్కన బండి చాయ్ దగ్గరా వారు తగాదా పడేవారు.

ఆ సంవత్సరం ఊరే దిగులుగా ఉండేది. కోచింగ్ సెంటర్ల హాస్టళ్లు సగం ఖాళీ అయ్యాయి. రాష్ట్రం కోసం ప్రాణాలు తీసుకున్న పిల్లల ఫొటోలు గోడల నిండా ఉండేవి. వాన వచ్చినప్పుడల్లా వాటి రంగులు కిందికి కారేవి. ఆ ఫొటోల ముందు నుంచి నడిచేటప్పుడు వారిద్దరూ వాదించుకోవడం మానేసేవారు.

ఒకసారి మహిపాల్ పట్టుబట్టి ఆమెను కొత్త సినిమాకు తీసుకువెళ్లాడు. తెర మీద సముద్రం లేచి నగరం మీద విరుచుకుపడే ఘట్టంలో ప్రసన్న అతని మోచేతిని గట్టిగా పట్టుకుంది.

"చెప్పు టీచర్. నమ్మినవా లేదా?"

"నమ్మిన. జర భయమైంది గూడ." ఆమె చెయ్యి వదిలింది. "గాని బయటికొచ్చినంక ఏం యాదికుంటదో చూడాలె."

బయట వాన కురుస్తోంది. థియేటర్ మెట్ల మీద నిలబడి ప్రసన్న దోసిలి పట్టింది.

"గీ వాన ఎవలు చేసిన్రు?"

"మా కంపెనీ కాదు. మేం చేస్తే గింత మురికిగ ఉండది."

ఆమె నవ్వి, దోసిట్లో నీళ్లు అతని ముఖం మీద చల్లింది. లోపల చూసిన సముద్రం తరువాతి కాలంలో అతనికి పెద్దగా గుర్తు రాలేదు. ఆ దోసెడు నీళ్లు మాత్రం గుర్తుండిపోయాయి. ఆ సంగతి ఆమెతో చెబితే వాదంలో ఓడినట్టవుతుందని చెప్పలేదు.

*

ఆగస్టు చివర ఆమె అతన్ని ఇంటికి పిలిచింది. హనుమాయమ్మ ఇంటి కింది భాగంలో రెండు గదులు. తల్లి లింగమ్మ మంచం మీద కూర్చుని ఉంది. పోచంపల్లి నుంచి చీరల మూటతో వచ్చి, ఈ గల్లీలలో ఇల్లిల్లూ తిరిగి అమ్మి, ఒక్కతే కూతురిని చదివించిన మనిషి. కంటి నరం ఎండిపోయే జబ్బు వచ్చింది. చూపు అంచుల నుంచి లోపలికి తరిగిపోతూ వస్తుందని, చుక్కల మందు మానకుండా వేస్తే ఉన్న చూపు నిలుస్తుందని డాక్టర్లు చెప్పారు.

గోడ మీద దండ వేసిన ఫొటోలో నీలం తెర ముందు కోటు, టై ధరించిన మనిషి ఉన్నాడు.

"మా నాయిన, వెంకటనర్సయ్య," అంది ప్రసన్న. "నాకు మూడేండ్లప్పుడు పోయిండు."

"ఆఫీసర్‌గ చేసిన్రా?"

లింగమ్మ నవ్వింది. "ఏం ఆఫీసర్ బిడ్డా, మగ్గం నేసెటోడు. పాస్‌బుక్కు మీది చిన్న ఫొటో ఒక్కటే ఉండె. స్టూడియోల పెద్దగ చెయ్యమంటే కోటు తొడిగిన్రు, తెల్లగ చేసిన్రు, అసలుది పోగొట్టిన్రు. గీ మనిషెవలో నాకు తెల్వది. అయినా దండ ఏస్త. ఎవలన్న గాని, పాపం."

మహిపాల్ ఫొటోను దగ్గరికి వెళ్లి చూశాడు. "కోటు అతుకు మాత్రం మంచిగ కలిపిండమ్మా."

"గ్రాఫిక్స్ సారూ, నోరు మూస్కోండ్రి," అంది ప్రసన్న.

అతను బయల్దేరేటప్పుడు ఆమె ఒక డీవీడీ ఇచ్చింది. అది అతను పేరైనా వినని ఒక నలుపు తెలుపు జానపద చిత్రం.

"నూలు దొరకని కాలంల మా నాయిన మద్రాసు పోయి కొన్నేండ్లు సినిమా సెట్టింగుల పనిచేసిండు. గీ సినిమాకు గూడ. రెండు వారాలు గూడ ఆడలేదంట. పెత్రమాస నాడు, పెద్దల అమాసకు, నాయిన పేరు మీద బియ్యమిచ్చినంక, మేమిద్దరం గిది చూస్తం. ఏటేటా. డిస్కు గీతలు పడి ఆగిపోతున్నది. కాపీ చేసియ్యి, చాలు."

"గీ సినిమాల మీ నాయిన కనబడుతడా?"

"నేను చెప్ప. పెత్రమాసకు రా, అమ్మ పక్కన కూసొని చూడు. ఏం చూసినవో నువ్వే నాకు చెప్పాలె."

అందులో ఆమెకు ఒక కోరిక ఉంది. తాళ్లు చెరిపే ఈ మనిషి, తాడు పట్టిన మనిషిని తనంత తానుగా గుర్తించాలి. గుర్తిస్తే, అమ్మ ముందే అతని చెయ్యి పట్టుకుని తన మాట చెప్పేయాలని ఆమె నిశ్చయించుకుంది.

*

సెప్టెంబరులో సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగాయి, బడులు మూతపడ్డాయి, కరెంటు వచ్చిపోతూ ఉంది. స్టూడియోలో పని లేని పూటలన్నీ మహిపాల్ ఆ డీవీడీకి అంకితం చేశాడు.

కాపీ చేసి ఊరుకోవడం అతనికి చిన్నతనంగా తోచింది. గీతలు తుడిచాడు. మసక పోగొట్టాడు. రాజకుమారుడు కంబళి మీద కూర్చుని ఆకాశానికి లేచే ఘట్టంలో తాళ్లు బండగా కనిపించాయి, చెరిపేశాడు. అదే ఘట్టంలో కుడి అంచున, గుడ్డ మబ్బు వెనుక నుంచి ఒక చెయ్యి బయటికి వచ్చింది. తాడును రెండుసార్లు గుంజి, వేళ్లు విప్పి, లోపలికి పోయింది.

సెట్టింగు మనిషి చెయ్యి పొరపాటున కెమెరాకు చిక్కినట్టుంది. ఇన్నేళ్లుగా ఈ తప్పును దిద్దినవాడు లేడు గదా అని మహిపాల్ నవ్వుకున్నాడు. వెంకటనర్సయ్య కోసం అతను సభలోని భటుల ముఖాలలో, గుంపులలో వెతుకుతున్నాడు. సెట్టింగు పనివాడు సెట్టింగు వెనుకనే ఉంటాడన్న సులువైన సంగతి, ఆ పనివాళ్ల ఆనవాళ్లను చెరపడమే వృత్తిగా బతికే అతనికి తట్టలేదు. చేతి మీద మబ్బును పొదిగాడు. తన జీవితంలో అంత నాణ్యంగా ఏ పనీ చేయలేదు.

పెళుసెక్కిన డీవీడీ డ్రైవులోంచి తీస్తుండగానే పగిలింది. సొంత పని ఆఫీసు కంప్యూటర్లో ఉండకూడదు కనుక పాత ఫ్రేములన్నీ తొలగించాడు. తళతళలాడే కొత్త డిస్కు చేతిలో ఉండగా పాతదానితో అవసరమేముంది?

*

పెత్రమాస నాడు పూజారి అయ్యగారికి బియ్యం ఇచ్చి వచ్చారు. ఎంగిలిపూల బతుకమ్మ కోసం హనుమాయమ్మ ఇంటి వాకిట్లో తంగేడు పూలు కుప్ప పోసి ఉన్నాయి. మధ్యాహ్నం కరెంటు వచ్చింది. ప్రసన్న డిస్కు పెట్టింది.

"అబ్బ, కొత్త రూపాయి బిళ్ల తీరుగున్నది," అంది లింగమ్మ. "ఏం చేసినవ్ బిడ్డా?"

మహిపాల్ గర్వంగా ప్రసన్న వైపు చూశాడు. ఆమె కళ్లు మెరిశాయి.

కంబళి ఘట్టం దగ్గర పడగానే లింగమ్మ పీటను టీవీకి దగ్గరగా జరుపుకుంది. రాజకుమారుడి వైపు చూడలేదు. మెడ వంచి, మిగిలిన చూపునంతా కుడివైపు మూలకు గురిపెట్టింది.

కంబళి లేచింది. తాళ్లు లేవు. మబ్బు కదిలింది. కంబళి హాయిగా వెళ్లిపోయింది.

"మల్ల పెట్టు," అంది లింగమ్మ.

ప్రసన్న మళ్లీ పెట్టింది. మబ్బు మాత్రమే ఉంది.

"ఇంకొక్కసారి పెట్టు బిడ్డా."

మూడోసారి తరువాత ఆమె పీట వెనక్కు జరుపుకుని, కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఏడవలేదు. "ఇగ బంద్ చెయ్యి. చూపు అంచులకెల్లి పోతదన్నడు గద డాక్టరు. ఆయన అంచునే ఉండె. నాకు కనబడుతలేదు, ప్రసన్నా. గదొక్కటుండె, గది గూడ పాయె."

వాకిట్లో పూలకుప్ప పక్కన నిలబడి ప్రసన్న మెల్లగా అడిగింది.

"చెయ్యి ఏది?"

"నేను..." మహిపాల్ పూలకుప్ప వైపు చూశాడు. "తప్పు పడ్డదనుకున్న. చెరిపేసిన."

"పాత డిస్కు?"

"పగిలింది."

ఆమె ఇంటి తలుపు దగ్గరికి వేసి వచ్చింది. "మా నాయినది నిజమైనది గదొక్కటే ఉండె. గోడ మీద ఉన్నోడు ఎవలో. అమ్మ తన కండ్లే పోయినయనుకుంటున్నది. నువ్వు చెప్తవా, నన్ను చెప్పమంటవా?"

"వాపస్ తెస్త ప్రసన్నా. జర టైమియ్యి."

"ఎక్కడికెల్లి తెస్తవ్?"

అతను బండి తాళం తీసుకుని బయల్దేరాడు. ఆమె మాత్రం, తల్లి ముందు అతన్ని దోషిగా నిలబెట్టలేక, ఆ పూట ఏమీ చెప్పలేకపోయింది.

*

మహిపాల్ కోఠిలో పాత డిస్కులమ్మే దుకాణాలన్నీ తిరిగాడు. మద్రాసుకు ఫోన్లు చేశాడు. నెగటివ్ ఏనాడో పాడైపోయిందని, ఆడని సినిమాను ఎవరు దాస్తారని ఒక ముసలాయన చెప్పి ఫోన్ పెట్టేశాడు. పెద్ద చిత్రాలు అపురూపంగా భద్రపడతాయి. మామూలు చిత్రాలతో పాటు, వాటిని మోసిన చేతులు కూడా మాసిపోతాయి.

అక్టోబరు మధ్యలో ప్రసన్న ఫోన్ చేసింది.

"అమ్మ చుక్కలు ఏసుకుంటలేదు. చూసెతందుకు ఏమున్నదని చుక్కలు, అంటున్నది. బతిమిలాడితే మొకం తిప్పుకుంటున్నది. ఉన్న చూపు గూడ పోతది మహిపాల్."

మరుసటి వారం అతను మరో డిస్కుతో వచ్చాడు. సమ్మె విరమించారు. రాష్ట్రం రాలేదు. బస్సులు మళ్లీ తిరుగుతున్నాయి గాని గెలిచిన ముఖం ఎవరికీ లేదు. ముసురు పట్టిన ఆ మధ్యాహ్నం వాకిట్లోనే తన లాప్‌టాప్ తెరిచి ప్రసన్నకు చూపించాడు. మబ్బు వెనుక నుంచి ఒక చెయ్యి వచ్చి, పిడికిట్లో ఉన్నంత తాడు ముక్కను గుంజింది.

ఆమె ఊపిరి బిగబట్టి చూసింది. వెంటనే వదిలింది.

"గిది నీ చెయ్యి."

"అమ్మకు ఎరుకగాదు."

"నాకు ఎరుకైతది గద."

"కండ్లు మంచిగున్నయని నమ్ముతది. చుక్కలు ఏసుకుంటది. గంతే చాలు నాకు."

"నిజం చెప్పినా నమ్ముతది," అంది ప్రసన్న. "గాని నిజం చెప్పినంక నువ్వు మా ఇంటికి రాలేవని నీకు భయం. నాకు గూడ గదే భయం. ఇగ తెలిసిందా, నేను పెత్రమాస నాడు ఏం చెప్పాలనుకున్ననో?"

ప్రేమను ఇంత దిగులుగా వెల్లడించుకున్నవారు ఆ గల్లీలో అంతకుముందు ఉండి ఉండరు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. చివరికి ఆమె డిస్కు అందుకుంది. "పెడుదాం పా."

లింగమ్మను పీట మీద కూర్చోబెట్టడానికి చాలాసేపు బతిమిలాడవలసి వచ్చింది. ఘట్టం వచ్చింది. మబ్బు వెనుక నుంచి చెయ్యి బయటపడింది.

"ఆగు! కనబడ్డది!" లింగమ్మ పీట మీదే లేచినంత పనిచేసింది. "ప్రసన్నా, కనబడ్డది బిడ్డా!"

ప్రసన్న కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మల్ల పెట్టు."

రెండోసారి లింగమ్మ ఇంకా దగ్గరికి జరిగింది. చూసింది. ఆమె ముఖం మెల్లగా మామూలయింది.

"కనబడ్డది. గాని గిది ఆయన చెయ్యి గాదు."

లింగమ్మ వేలితో తెర మూలను చూపింది.

"ఆయన మగ్గం మీద నాడెను అటు ఇటు ఉరికించెతందుకు తాడు గుంజినట్టు గుంజుతుండె. మగ్గం మీద కూసున్నోడు తాడును గట్టిగ పట్టడు బిడ్డా, గుంజి ఇడుస్తడు. గీ చెయ్యి తాడును ఇడుస్తనే లేదు. భయంతోని పట్టుకున్నది. ఎవల్ది గిది?"

మహిపాల్ లేచి వచ్చి ఆమె ఎదుట నేల మీద కూర్చున్నాడు. తన కుడిచెయ్యి ఆమె ఒళ్లో పెట్టాడు.

"నాదమ్మా. మీ ఆయన చెయ్యి నేనే చెరిపేసిన. తెల్వక. మంచిగ చేస్తున్ననుకొని. మీ కండ్లకు ఏం కాలేదు. ఆ దినం అక్కడ చెయ్యి లేదు, గంతే."

"డిస్కు?"

"లేదు. యాడ దొరుకుతలేదు. ఇగ దొరకది."

లింగమ్మ ఆ అరచేతిని రెండు చేతులతో తడిమింది. ఎంతసేపు అలా తడిమిందో ఇద్దరికీ తెలియలేదు. ఆమె కళ్ల నుంచి నీళ్లు ఆ అరచేతిలోనే పడ్డాయి.

"మెత్తటి చెయ్యి," అంది చివరికి. "పని చేసిన చెయ్యి గాదు."

"పని చేస్తడమ్మా," అంది ప్రసన్న ఏడుస్తూనే. "తాళ్లు చెరుపుతడు."

"గదేం పనే?"

ఆ ఇంట్లో పెత్రమాస తరువాత అదే మొదటి నవ్వు. అది కూడా సగంలోనే ఆగిపోయింది. లింగమ్మ కళ్లు తుడుచుకుని, కుడిచెయ్యి గాలిలోకి ఎత్తింది. ఎత్తి, కనిపించని తాడును చటుక్కున గుంజింది. మళ్లీ గుంజింది. వేళ్లు పువ్వులా విప్పింది. చెయ్యి పక్కకు వాలింది.

మహిపాల్ పొరపాటని నవ్వుకున్న చెయ్యి అదే. ఫ్రేము తరువాత ఫ్రేముగా చూసి చూసి చెరిపిన ఆ కదలిక అక్కడ, ఆ ముసలి మణికట్టులో, చెక్కు చెదరకుండా ఉంది.

"ఏటేటా చూసి చూసి నాకే ఒచ్చింది," అంది లింగమ్మ. "గిట్ల. చెయ్యి నువ్వు."

అతను గుంజాడు.

"గొడ్డును గుంజినట్టు గుంజకు. మల్ల."

మళ్లీ గుంజాడు.

"కంప్యూటర్ల గిది మల్ల తియ్యొస్తదా?"

"ఒస్తదమ్మా."

"అయితే తియ్యి. మల్లొచ్చే పెత్రమాసకు. గీసారి దొంగతనం వద్దు. నీ చెయ్యేనని చెప్పి తియ్యి. నేను నేర్పిస్త."

"కంబళికి తాళ్లు గూడ మల్ల పెట్టాలె," అంది ప్రసన్న. "తాళ్లు లేకుంటే ఏం గుంజుతడు? తాళ్లు చెరిపెటోడు తాళ్లు గీస్తడా?"

"గీస్త. బండగ, అందరికి కనబడేటట్టు."

లింగమ్మ కాసేపు గోడ మీది కోటు మనిషి వైపు, ఆ తరువాత నేల మీద కూర్చున్న యువకుడి వైపు చూసింది. ఆమె చూపు ఎంత దూరం ఆనిందో చెప్పలేము.

"మీ అమ్మ పేరేంది?"

"కౌసల్యమ్మ."

"ఒకసారి తీస్కరా. నీ కొడుకు నా మొగని చెయ్యి చెరిపిండని ఆమెకు చెప్పాలె."

"గంతేనా చెప్తవ్?" అంది ప్రసన్న తల వంచుకుని.

"ఇంకేం చెప్తనో ఆమెకే చెప్త. నీకెందుకు? పోయి ఆ చుక్కల సీసా తే."

ప్రసన్న లేచింది. లింగమ్మ తల వెనక్కు వాల్చి, కళ్లు పెద్దవి చేసి ఎదురుచూస్తూనే, పక్కన గాలిలో ఆడుతున్న చేతిని ఓరగా కనిపెడుతోంది.

"ఇడువు," అంది. "గుంజుడు కాదు బిడ్డా ముఖ్యం. ఇడువు."

మహిపాల్ వేళ్లు విప్పాడు.